ముక్కులు కొలిచిన చదువు, మా ఇంటి కాగితాలు

మా అమ్మాయి ఆంత్రోపాలజీ చదువుతానన్నప్పుడు మా చుట్టాల్లో కాస్త చదువుకున్నవాళ్లంతా అడిగిన మాట ఒక్కటే. ‘సివిల్స్‌కా?’ హైదరాబాదు అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద తప్ప ఆ పేరు మన జనానికి పెద్దగా కనబడదు. సిలబస్ చిన్నది, మార్కులు పడతాయి అని సివిల్స్ రాసేవాళ్లు ఆప్షనల్‌గా తీసుకునే సబ్జెక్టు అది. కాదు, ఎమ్మే చేస్తుందట, తర్వాత ఆ పనే చేసుకుంటుందట అని చెప్తే రెండో ప్రశ్న. ‘దాంతో ఏమొస్తాది?’ చదువుకోనివాళ్లు ఇంకా సూటిగా అడిగారు, ఆ చదువులో ఏం చెప్తారని. మనుషుల గురించి చెప్తారన్నాను. ‘మనుషుల గురించి తెలుసుకోడానికి దుడ్లు కట్టాల్నా?’ అంది మా మేనత్త.

ఈ ప్రశ్నలకు నేను నవ్వలేను. కలిగినవాళ్ల పిల్లలు ఏం చదివినా అది అభిరుచి. మా పిల్లలు చదివితే ‘దాంతో ఏమొస్తాది’. అడిగేది మావాళ్లే. ఎందుకంటే మా ఇళ్లల్లో ఒకరి చదువు ఆ ఒక్కరిదే కాదు. ఒకరు పైకెక్కాలంటే ఇద్దరు కింద ఆగాలి. నేను టీచర్ ట్రైనింగ్ చేసే ఏడు మా చెల్లెలు ఏడో తరగతితో ఆగింది. మా అన్న కంప్యూటర్ కోర్సుకు అమ్మ కమ్మలు పోయినాయి. మళ్లీ ఇంటికి రాలేదు.

మేం దూదేకులవాళ్లం. కర్నూలు జిల్లా. మా నాయన నరం కట్టిన విల్లు భుజానేసుకుని ఊరూరూ తిరిగి దూది ఏకేవాడు. పరుపులు, దిండ్లు కుట్టేవాడు. విల్లు తాడు మీద కొయ్యగుండుతో కొడుతుంటే ఆ చప్పుడుకు వీధిలో పిల్లలంతా చేరేవాళ్లు. సాయంత్రానికి ఆయన కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. దూది మిషన్లు వచ్చి విల్లు పోయింది. ఫోం పరుపులు వచ్చి మిషనూ పోయింది. పోకముందే నాయన మూడు సెంట్ల స్థలంలో రెండు గదులు లేపాడు. నాకు ఉద్యోగం వచ్చాక వాటి మీద ఇంకో రెండు వేసుకున్నాం. మా ఆస్తి అంతే.

2025లో మా అమ్మాయికి అమెరికాలో ఒక యూనివర్సిటీలో రెండేళ్ల ఎమ్మేకు సీటొచ్చింది. ఆంత్రోపాలజీలోనే. వాళ్లు కొంత ఫీజు తగ్గిస్తామన్నారు. తగ్గించినదీ, మేం దాచుకున్నదీ పోగా ఇంకా 40 లక్షలు కావాలి. బ్యాంకుకు పోయాం. 40 లక్షలంటే హామీ కింద ఆస్తి కాగితాలు పెట్టాలన్నారు. వడ్డీ నూటికి 11. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 55,100 రూపాయల కంతు. మొత్తం కట్టేది 66 లక్షల పైచిలుకు. అంటే 26 లక్షలు వడ్డీకే. చదివే రెండేళ్లలో పెరిగే వడ్డీ ఇందులో కలపలేదు. ఈ కాగితం మా ఇంట్లో వారం రోజులు టీవీ పక్కన పడి ఉంది. ఎవరూ తీయలేదు, ఎవరూ పారేయలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2013-14 నుంచి కేంద్రంలో ‘పఢో పర్‌దేశ్’ అని ఒక పథకం ఉండేది. మైనారిటీ పిల్లలు విదేశాల్లో ఎమ్మే, పీహెచ్‌డీలకు బ్యాంకు అప్పు తీసుకుంటే, చదువుకునే కాలంలో పడే వడ్డీని ప్రభుత్వం కట్టేది. 2022-23 నుంచి దాన్ని ఎత్తేశారు. అదే 2022 డిసెంబరులో మౌలానా ఆజాద్ ఫెలోషిప్ కూడా ఆగిపోయింది. ఎంఫిల్, పీహెచ్‌డీ చేసే మైనారిటీ పిల్లలకు నెలనెలా వచ్చేది అది. వేరే ఫెలోషిప్పులతో ఇది కలిసిపోతోంది కాబట్టి అక్కర్లేదన్నారు. ఉన్నప్పుడు ముస్లింలను బుజ్జగిస్తున్నారని అరిచినవాళ్లున్నారు. పోయినప్పుడు ఎవరు ఏడ్చారు? మా ఇళ్లల్లో చాలామందికి అలాంటిది ఒకటి ఉండేదనే తెలియదు. నిజం చెప్పాలంటే నా జీతానికి మేం ఆ పథకం ఆదాయ పరిమితి దాటిపోతాం. దానికి అర్హత ఉన్న పిల్లల గురించే నేను చెప్పేది. దూదేకుల ఇంట్లో, ఖురేషీల ఇంట్లో, ఫకీర్ల ఇంట్లో మనుషుల గురించి చదువుతానని ఒక పిల్ల అంటే ఆ పిల్లకు ఇప్పుడు ఏ దారి ఉంది?

మా అన్న టెక్సాస్‌లో ఉంటాడు. వాళ్ల కూతురు అక్కడే పుట్టింది. ఆ పిల్లా ఇదే సబ్జెక్టు. 2021లో చేరి 2025లో డిగ్రీ పూర్తి చేసింది. ఇద్దరు మరదళ్లూ కూడబలుక్కుని మామీద కక్ష తీర్చుకుంటున్నారని మా ఆయన అంటుంటాడు. ఆ పిల్లకు అమెరికా ప్రభుత్వమే అప్పిచ్చింది. తల్లిదండ్రుల మీద ఆధారపడే పిల్లలకు మొదటి ఏడు 5,500 డాలర్లు, రెండో ఏడు 6,500, తర్వాత ఏడాదికి 7,500. నాలుగేళ్లకు 27,000. వడ్డీ ఏ ఏటికాయేడు మారుతుంది. మొదటి ఏటి అప్పుకు నూటికి 3.73. తర్వాత 4.99, 5.50, చివరి ఏడు 6.53. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 290 డాలర్ల దాకా. ఇప్పుడా పిల్ల పైపులైన్లు, రోడ్లు వేసే ముందు ఆ నేలలో పాత మనుషుల ఆనవాళ్లేమైనా ఉన్నాయేమో తవ్వి చూసే కంపెనీలో పనిచేస్తోంది. గంటకు 22 డాలర్లు. ప్రభుత్వ డబ్బుతోనో అనుమతితోనో జరిగే పనికి అలా చూడాలని అక్కడ 1966లో చట్టం వచ్చింది. ఆ చట్టం లేకపోతే ఈ చదువు చదివినవాళ్లలో చాలామందికి అక్కడా పని దొరికేది కాదు.

అమెరికా కార్మిక శాఖ లెక్కలో 2023 మే నాటికి ఆంత్రోపాలజిస్టుల, పురావస్తు పరిశోధకుల మధ్యస్థ జీతం ఏడాదికి 63,800 డాలర్లు. సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ. వినడానికి బాగుంది. అయితే ఆ పేరుతో ఉన్న ఉద్యోగాలు అంత దేశంలోనూ పదివేల లోపే. వాటికి మామూలుగా ఎమ్మే ఉండాలి. ఇక మా అమ్మాయిలాగా బయటినుంచి పోయినవాళ్లకు ఇంకో మెలిక. చదువయ్యాక పని చేసుకోడానికి అందరికీ 12 నెలలిస్తారు. సైన్సు, ఇంజనీరింగు జాబితాలో ఉన్న సబ్జెక్టయితే ఇంకో 24 నెలలు పెంచుతారు. మామూలు ఆంత్రోపాలజీ ఆ జాబితాలో లేదు. పన్నెండు నెలల్లో ఉద్యోగం దొరకాలి, ఆ కంపెనీ వీసాకు పెట్టాలి, లాటరీలో పేరు రావాలి. రాకపోతే డాలర్లలో తీరుస్తామని చేసిన అప్పును రూపాయల్లో తీర్చాలి. మా అమ్మాయికి తెలిసిన సీనియర్ ఒకామె ఎమ్మే చేసి ఒక స్వచ్ఛంద సంస్థలో సర్వేలు చేస్తుంది. నెలకు 35 వేలు. బ్యాంకు కంతు 55,100. ఆ లెక్క ఎంత లాగినా కుదరలేదు.

వడ్డీ సంగతి వచ్చింది కాబట్టి మా వదిన గురించి చెప్పాలి. ఖురాన్ రెండో సూరాలో వడ్డీ హరాం అని ఉంది, పుచ్చుకునేవాడిదే కాదు ఇచ్చేవాడిదీ పాపమే అంటుంది ఆమె. కూతురు 27,000 డాలర్లు వడ్డీకి తెచ్చిందని తెలిసిన రోజు అన్నం మానేసింది. వడ్డీ లేకుండా ముస్లిం పిల్లల చదువుకు అప్పిచ్చే ‘ఎ కంటిన్యూయస్ చారిటీ’ అనే సంస్థ అక్కడ ఉంది. దానికి పెట్టుకొమ్మని పోరింది. ఆమె బాధను నేను తక్కువ చేయను. కాకపోతే నాకు మా ఊరు గుర్తొస్తుంది. నాయన దూది కొనడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చేవాడు. నెలకు మూడు! ఏడాదికి ముప్పై ఆరు. బ్యాంకు మా మొహం చూసేది కాదు. అప్పుడు మాకు హరాం గురించి చెప్పిన పెద్దమనుషులెవరూ హలాల్‌గా ఒక్క రూపాయి చేబదులిచ్చిన పాపాన పోలేదు. బీదవాడు వడ్డీ కట్టేది పాపం చేయాలని కాదు, ఇంకో తలుపు లేక. మా ఆయన నమాజీ. ఆయన వడ్డీ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ‘ఇల్లు పోతే యాడ నిలబడి నమాజు చేయాల?’ అని మాత్రం అడిగాడు.

మరి ఇంత లెక్కా చూశాక ఆ చదువే వద్దనొచ్చు కదా? అందరూ అదే అన్నారు. బీటెక్ చేయించలేకపోయావా అన్నారు. నేను అనలేకపోయాను. ఎందుకో చెప్తాను.

ఈ చదువు మాకు కొత్త కాదు. మేం దానికి కొత్త కాదు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అనే ఇంగ్లీషాయన దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. పరికరాలు పట్టుకుని జనం తలలు, ముక్కులు కొలిచినవాడు. ఆ పుస్తకంలో దూదేకుల మీదా రాత ఉంది. అంటే మా ముత్తాతకు అక్షరం రాని రోజుల్లోనే మా గురించి ఇంగ్లీషులో అచ్చయింది! నిజాం రాజ్యంలో కులాల మీద సయ్యద్ సిరాజుల్ హసన్ పుస్తకం 1920లో వచ్చింది. 1940లలో హైమెన్‌డార్ఫ్ వచ్చి చెంచుల్ని, గోండుల్ని రాశాడు. ఎస్.సి. దూబే హైదరాబాదు పక్కనున్న శామీర్‌పేటను చూసి 1955లో ‘ఇండియన్ విలేజ్’ వేశాడు. వీళ్లలో మంచివాళ్లు లేరని కాదు. హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండులు ఇప్పటికీ తలుచుకుంటారు. నేననేది ఒక్కటే. ఇన్ని పుస్తకాల్లో మేం కొలతకు నిలబడ్డవాళ్లమే. టేపు పట్టుకున్నవాళ్లం కాదు.

కొలిస్తే ఏమయింది, పుస్తకం ఎక్కడో బీరువాలో పడి ఉంటుంది అనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 1970లో వెనుకబడిన కులాల జాబితా వచ్చినప్పుడు ముస్లింలలో దూదేకులకు, మెహతర్లకు చోటు దొరికింది. మిగతావాళ్లకు లేదు. నేను టీచర్‌నయింది ఆ బీసీ-బి కాగితంతోనే. 2004లోనూ 2005లోనూ ముస్లింలకు ఐదు శాతం ఇస్తామన్నారు, రెండుసార్లూ హైకోర్టులో పోయింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక మీద బీసీ-ఇ అని పెట్టి నాలుగు శాతం ఇచ్చారు. ఆ జాబితా మీరెప్పుడైనా చదివారా? అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, ముస్లిం చాకళ్లు, ఫకీర్లు, గారడీవాళ్లు, హజ్జాములు, లబ్బీలు, ఖురేషీలు, సిద్దీలు, రాళ్లుకొట్టే తురక కాశలు. ముస్లింలంటే నవాబులు, బిర్యానీ, షేర్వాణీ అనుకునేవాళ్లు ఒకసారి ఆ పేర్లు పైకి చదవాలి. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్నీ కొట్టేసింది. వెనుకబాటును తేల్చిన పద్ధతి సరిగా లేదన్నది అక్కడ పెద్ద అభ్యంతరం. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆ నాలుగు శాతం నిలబడింది.

ఒక్కసారి ఆలోచించండి. ఎవరు ఏ పని చేస్తారు, ఎవరింటికి ఎవరు పిల్లనిస్తారు, ఎవరి నీళ్లు ఎవరు తాగరు, ఎవరి పిల్లలు ఏ తరగతిలో ఆగారు, ఇవన్నీ ఊరూరూ తిరిగి కుదురుగా రాసుకుని, కోర్టులో నిలబడేట్టు చెప్పడమే కదా ఈ చదువు చేసే పని! ఆ కాగితం గట్టిగా ఉంటే మా వీధిలో షేకులింటి పిల్లకు డాక్టరు సీటొస్తుంది. వచ్చింది కూడా. గట్టిగా లేకపోతే పోతుంది. అమెరికా ప్రభుత్వానికి ఒక వెబ్‌సైటు ఉంది. ఏ కాలేజీలో ఏ డిగ్రీకి ఎంత అప్పు, తర్వాత ఎంత సంపాదన అని పక్కపక్కనే చూపిస్తుంది. మా అన్నకూతురు చూపించింది. మంచిదే, ప్రతి తల్లీ చూడాల్సిందే. అందులో షేకులింటి పిల్ల డాక్టరు సీటు ఏ గడిలో వేస్తారు?

ఇంకోటి. మా కాగితాల మీద ఏముంటుందో మీకు తెలుసా? మాలో దస్తగిరి ఉంటాడు, హుసేనప్ప ఉంటాడు, నాగమ్మా ఉంటుంది. ఇంట్లో తెలుగు. పెళ్లిలో నిఖానూ ఉంటుంది, తాళీ ఉంటుంది. పీర్ల పండక్కి ముందుంటాం. కుల సర్టిఫికెట్టుకు ఒక ఆఫీసుకు పోతే అక్కడి గుమాస్తా మా అమ్మాయి పేరు, నా పేరు చూసి ‘మీరు అసలు తురకలా, హిందువులా? ముందది తేల్చుకోండి’ అన్నాడు. షేకులు, సయ్యదులు కొందరు మమ్మల్ని సగం ముస్లింలంటారు. పిల్లనివ్వరు. ‘దూదేకులోళ్లు’ అని పెదవి విరుస్తారు. బయట మాత్రం గొడవైతే మేం నూటికి నూరు పాళ్లూ తురకలమే, అక్కడ సగం లెక్కలేదు. ఈ ముడిని మా అమ్మాయి పధ్నాలుగేళ్లప్పుడు ఆ గుమాస్తా బల్ల ముందు చూసింది. ఈ సబ్జెక్టు ఆ పిల్ల కోచింగ్ సెంటరు బోర్డు చూసి ఎంచుకున్నది కాదు.

అందుకే నేను మా ఇంట్లో చెప్పింది ఇదీ. చదువు ధర వేరు, చదువు వేరు. రెండూ కలిపి ఒకే తక్కెట్లో పెట్టి, ధర చూసి చదువే పనికిరాదనడం మనకు అలవాటు చేశారు. అమెరికాలోనూ అదే జరుగుతోంది. 2025 జులైలో అక్కడ వచ్చిన చట్టం ప్రకారం, 2026 జులై 1 నుంచి కొత్తగా పైచదువుకు ప్రభుత్వ అప్పు తీసుకునేవాళ్లకు హద్దులు పెట్టారు. డాక్టరు, లాయరు లాంటి వృత్తి చదువులకైతే ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం రెండు లక్షలు. ఆంత్రోపాలజీ లాంటివాటికి ఏడాదికి 20,500, మొత్తం లక్ష. అప్పులు పెరగకుండా ఉండటం మంచిదే అనేవాళ్లున్నారు. ఒకవిధంగా నిజమే, లక్ష డాలర్లు అప్పుచేసి ఎమ్మే చేయమని నేనూ చెప్పను. కాని ఫీజు తగ్గకుండా అప్పు ఒక్కటే తగ్గితే ఆ తరగతిలో ఎవరు మిగులుతారు? నాయనల దగ్గర డబ్బున్నవాళ్లు. మళ్లీ టేపు వాళ్ల చేతికే.

మా అమ్మాయి చాలా తిరిగి, చాలామందిని అడిగి ఒక సంగతి పట్టుకొచ్చింది. అమెరికాలో ఎమ్మేకు మన దగ్గర డబ్బు గుంజుతారు. పీహెచ్‌డీకి మాత్రం పెద్ద యూనివర్సిటీలు ఎక్కువగా ఫీజు మాఫీ చేసి, పాఠాలు చెప్పినందుకో పరిశోధనకో నెలనెలా ఇంత ఇస్తాయి. ఈ తేడా మాలాంటివాళ్లకు ఎవరూ చెప్పరు. ఫీజు దండుకునే కన్సల్టెన్సీ అసలు చెప్పదు, ఎందుకంటే వాళ్ల కమీషను ఎమ్మే సీట్ల మీద. ఎమ్మే ఇక్కడే తక్కువలో చేసి, పోతే పీహెచ్‌డీకే పోవాలని ఆ పిల్లే తేల్చింది. ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది, తిరుపతిలో ఉంది, హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది. ప్రవేశ పరీక్ష రాసి సెంట్రల్ యూనివర్సిటీలో చేరింది. ఏడాది ఫీజు బ్యాంకు అడిగిన ఒక్క నెల కంతులో సగం కూడా లేదు. ఇంటి కాగితాలు బీరువాలోనే ఉన్నాయి.

ఇది గెలుపని నేను రాయడం లేదు. అమెరికా సీటు పోయింది, అది పోయినందుకు ఆ పిల్ల మూడు రాత్రులు ఏడ్చింది. ఆ దారిలో ఏడెనిమిదేళ్లు పట్టొచ్చు. అప్పటికి ముప్పై దాటుతుంది. పెళ్లి మాట ఇప్పటికే మా ఆడబిడ్డ నెలకోసారి తెస్తోంది. 2025లో అక్కడ కొన్ని పెద్ద యూనివర్సిటీలే డబ్బుల్లేవని పీహెచ్‌డీ సీట్లు తగ్గించేశాయి. పట్టా చేతికొచ్చినా ప్రొఫెసరు పోస్టులు ఎన్నుంటాయి? మన యూనివర్సిటీల్లో ఖాళీలు నింపక ఎన్నేళ్లయిందో టీచరుగా నాకు చెప్పక్కర్లేదు. ఆంత్రోపలాజికల్ సర్వేలోనూ, గిరిజన పరిశోధన సంస్థల్లోనూ ఎప్పుడో ఒకసారి నాలుగు పోస్టులు పడతాయి. అప్పు లేనివాళ్లకు మాత్రం ఆగి చూసే ఓపిక ఉంటుంది. నెత్తిన 55,100 ఉన్న పిల్ల ఏ కాల్‌సెంటర్ పిలిచినా పోవాల్సిందే. అప్పుతో కొనుక్కున్న చదువును ఆ అప్పే చేయనివ్వదు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మా అమ్మాయి ఫోను రికార్డరు పెట్టుకుని మా మేనత్త ముందు కూర్చుంది. క్లాసులో ఇచ్చిన పని. మన పెళ్లిళ్లలో నిఖా అయ్యాక తాళి ఎందుకు కడతారు జేజీ అని అడిగింది. ‘కట్టకపోతే పెళ్లెట్ల అవుతాదే?’ అంది ఆమె. మరి నిఖా ఎందుకు? ‘అది సేయకపోతే మాత్రం పెళ్లెట్ల అవుతాది?’ అంది. తర్వాత రెండు గంటలు ఆపకుండా చెప్పింది. ఆ విల్లు పాతికేళ్ల కింద ఎవరికమ్మారో, ఎంతకమ్మారో కూడా చెప్పింది. నాకు తెలియదు ఆ సంగతి. మా అమ్మాయి రాసుకుంది.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న లెక్క చిన్నది. డిసెంబరులో పీహెచ్‌డీ దరఖాస్తులు పెట్టాలి. ఒక్కోదానికి ఫీజు దాదాపు వంద డాలర్లు. ఐదు పెడతానంటుంది. మూడు చాలంటున్నాడు వాళ్ల నాయన.